సీరంలో అయోడిన్ లెక్క: పి.బి.ఐ. పరీక్ష

థైరాయిడ్ గ్రంథి ఎక్కువ పనిచేస్తోందా, తక్కువ పనిచేస్తోందా అన్నది రక్తం తీసి తేల్చడానికి ఆస్పత్రుల్లో విరివిగా వాడిన తొలి పరీక్ష ‘ప్రొటీన్ బౌండ్ అయోడిన్’, వాడుకలో పి.బి.ఐ. 1940ల నుంచి 1960ల చివరిదాకా దాని మాటే చెల్లింది. నిజానికి అది హార్మోన్‌ను కొలిచే పరీక్షే కాదు, హార్మోన్‌లోని అయోడిన్‌ను కొలిచేది.

థైరాయిడ్‌లో అయోడిన్ ఉందని జర్మన్ రసాయనవేత్త బౌమన్ 1895లో కనిపెట్టాడు. 1914 డిసెంబరు 25న అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఎడ్వర్డ్ కెండాల్ థైరాక్సిన్‌ను స్ఫటికాలుగా వేరుచేశాడు. 1926లో బ్రిటన్‌కు చెందిన హారింగ్టన్ దాని నిర్మాణం తేల్చాడు. ఒక్కో అణువులో నాలుగు అయోడిన్ పరమాణువులు. బరువులో దాదాపు 65 శాతం అయోడినే. ఈ థైరాక్సిన్ రక్తంలో దాదాపు అంతా ప్రొటీన్లను అంటిపెట్టుకునే తిరుగుతుంది. అందువల్ల ప్రొటీన్‌ను అంటుకున్న అయోడిన్ ఎంతో తెలిస్తే హార్మోన్ అంచనా దొరికినట్టే. చిక్కల్లా పరిమాణంతోనే: ఆరోగ్యవంతుల్లో 100 మి.లీ. సీరంలో అది సుమారు 4 నుంచి 8 మైక్రోగ్రాములు మాత్రమే. పి.బి.ఐ. వచ్చేదాకా వైద్యులకు దిక్కు, ఒళ్లు విశ్రాంతిలో ఖర్చుచేసే శక్తిని చూసే బి.ఎం.ఆర్. పరీక్ష. పరగడుపున రోగిని పడుకోబెట్టి, ముక్కుకు క్లిప్పు పెట్టి, ఎంత ఆక్సిజన్ పీలుస్తున్నాడో కొలిచేవారు. రోగి కాస్త కంగారుపడినా లెక్క తప్పేది.

అంత తక్కువ అయోడిన్‌ను పట్టుకునే దారి 1930లలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో రసాయనవేత్తలు శాండెల్, కోల్తాఫ్ చూపించారు. పసుపు రంగులో ఉండే సెరిక్ లవణం ఆర్సీనియస్ ఆమ్లంతో కలిస్తే రంగు కోల్పోతుంది, కానీ చాలా నెమ్మదిగా. రవ్వంత అయొడైడ్ తగిలితే అదే చర్య వేగం పుంజుకుంటుంది. రంగు ఎంత త్వరగా వెలిసిపోతే అయోడిన్ అంత ఎక్కువన్నమాట.

పరీక్ష చేయడం మాత్రం ఓపికతో కూడిన పని. ముందు సీరంలోని ప్రొటీన్‌ను అవక్షేపంగా దించి, విడిగా ఉన్న అయొడైడ్ పోయేలా పదేపదే కడగాలి. తర్వాత దానికి సోడియం కార్బొనేట్ కలిపి, ఆరబెట్టి, సుమారు 600 డిగ్రీల సెల్సియస్ కొలిమిలో బూడిద చేయాలి. వేడి మితిమీరితే అయోడిన్ ఆవిరైపోతుంది, చాలకపోతే మసి మిగులుతుంది. కొన్ని ల్యాబుల్లో కొలిమికి బదులు క్లోరిక్ ఆమ్లంతో ఉడికించేవారు. బూడిదను కరిగించి, సెరిక్ ద్రావణం కలిపాక, గడియారం చూస్తూ కలరీమీటర్‌లో రంగు చదవాలి.

అన్నిటికన్నా పెద్ద బెడద బయటి అయోడిన్. గాయాలకు పూసే టింక్చర్ అయోడిన్ పరీక్ష చేసే గది దరిదాపుల్లో ఉండకూడదు. అయోడిన్ ఉన్న ఎక్స్‌రే మందులు తీసుకున్నవారి ఫలితం ఎందుకూ పనికొచ్చేది కాదు. పిత్తాశయం ఎక్స్‌రేకి వాడిన అయోఫెనాక్సిక్ ఆమ్లమైతే ఏళ్ల తరబడి ఒంట్లోనే ఉండిపోయేది. ఆ మందు తీసుకున్న తల్లులకు తర్వాత పుట్టిన పిల్లల్లో కూడా పి.బి.ఐ. ఎక్కువగా కనిపించేది. పాదరసం కలిసిన మూత్రకారక మందులు ఉల్టాగా అంకెను తగ్గించేవి. ఇక గర్భిణులలో, గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో థైరాక్సిన్‌ను మోసే ప్రొటీన్ పెరుగుతుంది కనుక ఏ జబ్బూ లేకుండానే అంకె పైకి పోయేది. పాదరసం సంగతి పక్కన పెడితే, పరీక్ష చెప్పిన అయోడిన్ లెక్క సరిగానే ఉండేది. ఆ అయోడిన్ ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం పరీక్ష చెప్పలేకపోయేది.

అందుకే హార్మోన్‌నే కొలిచే పద్ధతులు రాగానే పి.బి.ఐ. నిలవలేకపోయింది. శాస్త్రవేత్తలు యాలో, బెర్సన్ ఇన్సులిన్ కోసం రూపొందించిన రేడియో ఇమ్యునో ఎస్సే 1970ల తొలినాళ్లలో థైరాక్సిన్‌కూ అందుబాటులోకి వచ్చింది. థైరాయిడ్‌ను పనికి పురిగొల్పే హార్మోన్ టి.ఎస్.హెచ్. కొలత దానికి తోడైంది. ఆ దశాబ్దంలోనే పి.బి.ఐ. ల్యాబుల నుంచి తప్పుకుంది.

శాండెల్–కోల్తాఫ్ చర్య మాత్రం మూత్రంలో అయోడిన్ కొలవడానికి ఇప్పటికీ వాడుకలో ఉంది. శ్రీకాకుళంలో పుట్టిన వి. రామలింగస్వామి బృందం 1956లో మొదలుపెట్టి, నేటి హిమాచల్‌లోని కాంగ్రా లోయలో అయోడిన్ ఉప్పు పంచి, గాయిటర్ (థైరాయిడ్ వాపు) తగ్గుతుందని నిరూపించింది. అలాంటి ఉప్పు ప్రజలకు నిజంగా అందుతోందో లేదో తేల్చేది నేడు ఈ మూత్ర పరీక్షే. బడి పిల్లల్లో మధ్యస్థ విలువ లీటరుకు 100 మైక్రోగ్రాముల కన్నా తక్కువైతే ఆ ప్రాంతంలో అయోడిన్ కొరత ఉన్నట్టు లెక్క.