పడమటి మండలాల చెరువులు: హక్కు, బాధ్యత, మరమ్మతు

మైసూరు పీఠభూమి అంచున ఉన్న మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. పాలారు, బాహుదా, కౌండిన్య వానలు పడినప్పుడే పారతాయి కనుక ఇక్కడి సేద్యం శతాబ్దాల పాటు కట్ట వేసి నిలుపుకున్న వాననీటి మీదే సాగింది. ఒక వంక మీద వరుసగా కట్టిన చెరువుల్లో పైది నిండి మరవ పోతే, అంటే మిగులు నీరు పొర్లి పారితే, ఆ నీరే కింది చెరువుకు చేరేది.

చెరువు తవ్వించడం విజయనగర కాలంలో పుణ్యకార్యం మాత్రమే కాదు, నేర్చి చేసే పని కూడా. పొరుగున కడప సీమలో బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు 1369లో వేయించిన పోరుమామిళ్ల శాసనం మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను వివరించి, పోరుమామిళ్ల చెరువుకు వెయ్యిమంది రెండేళ్లు శ్రమించారని చెబుతుంది. అయితే పడమటి మండలాల చెరువులు అంతకాలం నిలవడానికి అసలు కారణం దశబంధం అనే ఏర్పాటే. చెరువు కట్టించినవారికి, మరమ్మతు చేయించేవారికి ఆయకట్టు రాబడిలో ఒక వాటాను, సాధారణంగా పదో వంతును, లేదా అంత విలువైన మాన్యాన్ని వదిలిపెట్టడం దీని సారాంశం; మరమ్మతు మానితే మాన్యం అనుభవించే హక్కూ ప్రశ్నార్థకమయ్యేది. తూములు తెరిచి, మడి మడికీ నీరు పంచే నీరుగంటికి పంటలోనే భాగం దక్కేది.

కంపెనీ పాలనలో శిస్తు కచేరీకి చేరింది, మట్టి మోసే పని ఊరికి మిగిలింది. ఊరివారు ఉమ్మడిగా చేసే కుడిమరామతు సడలిపోవడంతో, మద్రాసు ప్రభుత్వం 1858లో నిర్బంధ శ్రమ చట్టంతో దాన్ని నిలబెట్టాలని చూసింది. ఇష్టంతో సాగిన పనిని శిక్ష భయంతో చేయించబోవడం విఫలమైంది. 1876–78 నాటి మహా కరువు తర్వాతే, 1883లో, చెరువుల పునరుద్ధరణ పథకం మొదలైంది. స్వాతంత్ర్యానంతరం 1948 చట్టం పుంగనూరు వంటి జమీందారీలను, 1956 చట్టం ఇనాములను రద్దు చేశాయి. ఈ సంస్కరణలు న్యాయమైనవే, కానీ మాన్యంతో ముడిపడిన మరమ్మతు బాధ్యతకు అంతే గట్టి వారసుడు దొరకలేదు. పూడిక పేరుకుంది, వంకలు ఆక్రమణకు గురయ్యాయి, రైతు బోరు వైపు మళ్లాడు.

జపాన్‌లోని కగావా ప్రాంతం కూడా వానలు తక్కువై చెరువులనే నమ్ముకున్నది. అక్కడి మన్నో చెరువును 821లో కూకై అనే బౌద్ధ భిక్షువు బాగు చేయించాడు. అది నేటికీ పొలాలకు నీరిస్తోంది. 1970లలో యోషినో నది నీటిని కాలువ ద్వారా తెచ్చినప్పుడు కగావా వాసులు చెరువులను వదులుకోక, కాలువను, చెరువులను కలిపి వాడుకున్నారు. రైతులు వృద్ధులై కట్టలను చూసేవారు కరువైన కష్టం వారికీ ఉంది. 2018 వరదల్లో చెరువులు తెగిన తర్వాత, యాజమాన్య బాధ్యతను నిర్దేశిస్తూ 2019లో చట్టం తెచ్చారు.

ఈ పోలిక ఇప్పుడు కుప్పానికి చాలా దగ్గరిది. శ్రీశైలం జలాశయం నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీరు హంద్రీ-నీవా కాలువల్లో వందల కిలోమీటర్లు దాటి 2025 ఆగస్టులో కుప్పం పరమసముద్రం చేరింది. ఇంత ఖరీదైన విద్యుత్తుతో పైకెక్కిన నీరు పూడిన చెరువులోకి పారితే నష్టం రెట్టింపవుతుంది. 1997 నాటి సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం నీటి సంఘాల్లో సభ్యత్వాన్ని ఆయకట్టు భూమికి ముడిపెట్టింది. కానీ నేడు చెరువు నిండితే మేలు పొందేవారిలో ఆయకట్టు వెలుపల బోర్లతో, డ్రిప్పుతో టమాటా పండించే రైతులూ ఎందరో ఉన్నారు. భూగర్భంలోకి ఇంకిన చెరువు నీటినే తోడుకుంటున్న వారికి ఆ సంఘంలో ఓటూ లేదు, పూడికతీతలో వంతూ లేదు. దశబంధం కలిపి ఉంచిన హక్కు, బాధ్యత ఇక్కడే ఇంకా విడివిడిగా ఉన్నాయి.