తాడు, బేడీ, బాకీ: దేవరకొండ ప్రాంతంలో నిర్బంధ పదాల తీరు

దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి మెట్ట సేద్యంలో ఎద్దును అదుపు చేయడానికి ఒక్కో పనికి ఒక్కో సాధనం ఉంది. కొట్టంలో గుంజకు కట్టేది తలుగు. ముక్కు కుట్టి దూర్చేది ముకుతాడు. బండి తోలేవాడి చేతిలో ఉండేది పగ్గం. పైరులో గుంటుక తోలేటప్పుడు ఎద్దు మూతికి కట్టే వల చిక్కం. తప్పించుకు తిరిగే గొడ్డు మెడకు వేలాడదీసే మొద్దు గుదిబండ. మనుషుల కోసం వాడినవి వేరు: సంకెల, బేడీ, బొండకొయ్య. ఈ రెండు వర్గాల మాటలూ వస్తువును వదిలి మనుషుల వ్యవహారాలకు ఎక్కినప్పుడు ఒకే దారిన నడిచాయా అన్నది ఈ వ్యాసంలో పరిశీలించిన ప్రశ్న.

పశువుల తాళ్ల నుంచి వచ్చిన నుడికారం ఎక్కువగా పట్టుకున్నవాడి వైపు నుంచి మాట్లాడుతుంది. ధరలకు కళ్లెం వేస్తారు, పోకిరీకి ముకుతాడు వేస్తారు, పార్టీ పగ్గాలు చేపడతారు. కట్టడం ఇక్కడ సమర్థత, ఒక్కోసారి అధికారమే. సంకెల, బేడీ అలా కాదు. బానిస సంకెళ్లు తెంచుకుంటారు, ఆచారాల సంకెళ్లలో చిక్కుకుంటారు. అక్కడ గొంతు కట్టుబడ్డవాడిది. ఎద్దు తన కథ చెప్పుకోలేదు, ఖైదీ చెప్పుకోగలడు. ఈ తేడాకు అది ఒక కారణం కావచ్చు.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. గుదిబండ పశువు మెడలోదే అయినా, 'అప్పు మెడకు గుదిబండైంది' అనేది మోసేవాడే. ఆ మొద్దును ఎవరూ చేత్తో పట్టుకోరు గనక, బరువు తప్ప యజమాని కనబడడు గనక మాట ఇటు మొగ్గి ఉండవచ్చు. రెండోది పగ్గాలు. ఇంగ్లీషులోనూ 'రెయిన్స్' చేపట్టడమంటే అధికారం చేపట్టడమే. కాబట్టి ఆ ప్రయోగం పత్రికల అనువాదం ద్వారా బలపడిందన్న అవకాశాన్ని కొట్టిపారేయలేం. ఎద్దు ముక్కు కుట్టే సేద్యంలోంచి వచ్చిన ముకుతాడు విషయంలో ఆ అనుమానం తక్కువ.

బేడీ ఇంకో పాఠం చెబుతుంది. హిందీ, ఉర్దూల్లో అది కాళ్లకు వేసేది. తెలుగులో చేతులకు మారింది. నిజాం పాలనలో ఉర్దూ అధికార భాష కావడం తెలంగాణలో ఈ మాటకు ఊతమై ఉండవచ్చు. అయితే కోస్తాలోనూ ఇదే వాడుక ఉంది గనక అదొక్కటే మూలం అనలేం. ఈ మాట పూర్తిగా అలంకారంగా అరిగిపోలేదు కూడా. విచారణ ఖైదీకి అలవాటుగా బేడీలు వేయడం అమానుషమని 1980లో ప్రేమ్‌శంకర్ శుక్లా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా 2023 జూన్‌లో భువనగిరిలో, రీజినల్ రింగు రోడ్డు భూసేకరణను వ్యతిరేకించిన రైతులను బేడీలతో కోర్టుకు తెచ్చారు. ఆ రోజు జనానికి కోపం తెప్పించింది మాట కాదు, మణికట్టు మీది ఇనుము.

ఈ ప్రాంతపు చరిత్రలో బరువైన నిర్బంధానికి మాత్రం ఇనుమూ లేదు, తాడూ లేదు. అప్పు తీరేదాకా దొర దగ్గర పనిచేసే భగేలా పద్ధతిని హైదరాబాద్ రాష్ట్రంలో స్వాతంత్ర్యానికి ముందే శాసనంతో నియంత్రించాల్సి వచ్చింది. వెట్టికి ఎదురుతిరగడం 1946–51 తెలంగాణ సాయుధ పోరాటానికి, అందులో నల్లగొండకు, ఆయువుపట్టు. 1976 వెట్టిచాకిరి నిర్మూలన చట్టం పేర్కొన్న పద్ధతుల్లో భగేలా, వెట్టి, పాలేరుతో పాటు 'జీత' కూడా ఉంది. ఉద్యోగి నెలనెలా అందుకునేదీ జీతమే, 'పసుల కాడ జీతం ఉన్నడు' అన్నప్పటి పిల్లవాడిదీ జీతమే. అంటే ఆ కట్టు మామూలు మాటలోనే కలిసిపోయింది.

వలస కూలీలైన పాలమూరు లేబర్‌ది కూడా ఇలాంటి సంగతే. గుంపు మేస్త్రీ ఊళ్లో అడ్వాన్సు ఇచ్చి, కుటుంబాలను దూరపు ఆనకట్టల పనులకు తీసుకుపోయేవాడు. అడ్వాన్సు, మేస్త్రీ, లెక్క: ఏ మాటలోనూ కట్టు కనిపించదు. ఆ కనిపించని తాడును గుర్తించింది సుప్రీంకోర్టే. ఆకలి, పేదరికం బలవంతం చేసినా అది బలవంతమేనని, కనీస వేతనం కన్నా తక్కువకు చేయించుకునే పని వెట్టేనని ఏషియాడ్ క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో 1982లో తేల్చింది. బలవంతపు పని రుజువైతే దాని వెనక అడ్వాన్సు ఉందనే భావించాలని, కాదని చూపాల్సింది యజమానేనని 1983లో బంధువా ముక్తి మోర్చా కేసులో చెప్పింది.

దీన్నిబట్టి ఒక పరిమితమైన నిర్ధారణ చేయవచ్చు. కంటికి కనిపించే కట్టుల పేర్లు ధారాళంగా అలంకారాలయ్యాయి. అప్పుతో వేసిన కట్టు రోజువారీ మాటల్లోనే దాగింది. పైగా సెలవు రోజున ఆఫీసు పనిని కూడా వెట్టిచాకిరి అనడం మామూలైంది. అందువల్ల అసలు బాధితుడి నోట ఆ మాట వచ్చినా తేలిగ్గా తీసుకునే ప్రమాదం ఉంది. తండాల్లోనూ ఇటుక బట్టీల దగ్గరా విచారించే అధికారి 'నువ్వు వెట్టివాడివా' అని అడిగితే చాలదు. బాకీ ఎంత, లెక్క ఎవరు రాస్తారు, కూలి ఎవరి చేతికి వస్తుంది, బాకీ ఉండగా ఇంకో పనికి పోనిస్తారా అని అడగాలి. జవాబులు విని, ఏ మాట రాయాలో అప్పుడు నిర్ణయించాలి.