ఉత్తరం వస్తేనే సీసా

1987లో కాలిఫోర్నియా రాష్ట్ర మేళా వైన్ పోటీలో రెడ్ వైన్ల అగ్ర బహుమతి పేరున్న పెద్ద కంపెనీలకు దక్కలేదు. ఇద్దరు స్నేహితులు తీసిన పినో న్వార్‌కు దక్కింది. వారిలో బర్ట్ విలియమ్స్ శాన్‌ఫ్రాన్సిస్కోలో పత్రికల అచ్చు పని చేసేవారు. ఎడ్ సెల్యెమ్ ఒక కిరాణా దుకాణానికి వైన్ కొనిపెట్టేవారు. 1979లో సోనోమా కౌంటీలోని ఫారెస్ట్‌విల్ ఊళ్లో, ఒక గ్యారేజీలో, సరదాకు ద్రాక్ష పులియబెట్టడం మొదలుపెట్టారు. డెయిరీల్లో పాలు నిల్వచేసే పాత స్టీలు తొట్లే వారి సామగ్రి. మొదట పెట్టుకున్న పేరుకు మరో వైన్ సంస్థ అభ్యంతరం చెప్పడంతో ఇంటిపేర్లు రెండూ కలిపి ‘విలియమ్స్ సెల్యెమ్’ అన్నారు.

బహుమతి వచ్చాక జనం ఎగబడ్డారు. కానీ అమ్మడానికి సరుకేది?

పినో న్వార్ పండించినవాళ్లను ఏడిపించే ద్రాక్ష. తొక్క పలుచన, గుత్తి బిగువు. కాస్త తడి నిలిస్తే కుళ్లుతుంది, ఎండ ముదిరితే పరిమళం పోతుంది. ఫ్రాన్స్‌లోని బర్గండీ చలిలో శతాబ్దాలుగా పండుతున్న ఈ రకానికి కాలిఫోర్నియాలో నప్పిన చోట్లు కొన్నే. పసిఫిక్ మంచు లోపలికి పాకే రష్యన్ రివర్ లోయ వాటిలో ఒకటి. ఆ నది పక్కనే రోకియోలి కుటుంబం 1968లో పినో మొక్కలు నాటింది. బహుమతి తెచ్చిన 1985 వైన్ ఆ తోట పండ్లదే.

ఒక పీపాలో పట్టేది సుమారు 225 లీటర్లు, అంటే దాదాపు 300 సీసాలు. ఒక తోట నుంచి కొన్ని పీపాలే వచ్చినప్పుడు దేశమంతా దుకాణాలకు పంపేదెలా? పైగా 1933లో మద్యనిషేధం ఎత్తేసినప్పుడు మద్యం మీద అధికారం అమెరికా రాష్ట్రాల చేతికి వెళ్లింది. తయారీదారు హోల్‌సేల్ వ్యాపారికి, అతడు దుకాణదారుకు, దుకాణదారు తాగేవారికి అమ్మాలన్నది చాలా రాష్ట్రాల పద్ధతి. ప్రతి మెట్టు మీదా ఒకరికి వాటా. చిన్నవాడికి మిగిలేది కొంచెమే.

అందుకే విలియమ్స్, సెల్యెమ్ నేరుగా ఉత్తరాలు రాశారు. పేరు, చిరునామా ఇచ్చినవారికి ఏ తోట వైన్ ఎంత ధరో, వారి వంతు ఎన్ని సీసాలో తెలుపుతూ టపాలో కబురు వచ్చేది. బహుమతి తర్వాత ఆ జాబితాలో చోటుకే ఏళ్ల తరబడి వేచి ఉండాల్సి వచ్చింది. ఇలాంటి జాబితాల్లో చాలావాటికి ఒక కఠిన నియమం ఉంటుంది: వరసగా కొనకపోతే పేరు పోతుంది. బయట నిలబడ్డవాళ్లకు ఇది అన్యాయమే. అయినా నేను జాబితా పక్షమే. కొనేవాళ్లు ముందే ఖాయం కాబట్టే రోకియోలి పండ్లను ఇంకో తోట పండ్లతో కలిపేసి పరిమాణం పెంచాల్సిన అగత్యం వారికి రాలేదు. తోట పేరు సీసా మీద నిలిచింది.

ఉత్తరం అన్ని రాష్ట్రాలకూ వెళ్లగలిగినా సీసా వెళ్లలేకపోయేది. సొంత రాష్ట్రపు వైనరీలకు ఇంటికి పంపే వీలిచ్చి, బయటివారికి అడ్డుపెట్టే చట్టాలు కొన్నిచోట్ల ఉండేవి. వర్జీనియాలో చిన్న ద్రాక్షతోట నడిపే హువానీటా స్వీడెన్‌బర్గ్ అనే పెద్దావిడ న్యూయార్క్ చట్టం మీద కోర్టుకెక్కారు. మిషిగన్ కేసుతో కలిపి విచారించిన సుప్రీంకోర్టు 2005 మేలో, 5-4 మెజారిటీతో, ఈ వివక్ష రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. వైన్ చరిత్ర రాసేవాళ్లు రుచులు ఎంచి చెప్పినంత శ్రద్ధగా ఈవిడ పోరాటం గురించీ చెప్పాలి. ఆ తీర్పు తర్వాత చాలా రాష్ట్రాలు తలుపులు తెరిచాయి. చిన్న వైనరీల జాబితాలు దేశమంతా పాకాయి.

స్నేహితులిద్దరూ 1998లో సంస్థను అమ్మేశారు. కొన్న జాన్ డైసన్ ఏళ్లుగా అదే జాబితాలో ఉన్న ఖాతాదారు. విలియమ్స్ 2019లో కన్నుమూశారు. 2021లో ఆ సంస్థలో వాటా కొన్నది బర్గండీలో తరతరాలుగా పినో న్వార్ పండిస్తున్న ఫేవ్లే కుటుంబం.