పేరుకు 1/70 లేదు

ఈ మధ్య మన తమ్ముళ్లు, చెల్లెళ్లు కొందరు ఒకటే అడుగుతున్నరు: డొమైన్ పేర్లు కొని ఆన్‌లైన్ మార్కెట్లల్ల అమ్మితే లక్షలొస్తయట, మనం కూడా చేద్దామా అని. ఈ వ్యాపారం ఎట్ల పుట్టిందో తెలుసుకుంటే సగం జవాబు అక్కడే దొరుకుతది.

1995 సెప్టెంబరు దాకా డాట్ కామ్ పేర్లు ఉచితమే. తర్వాత రెండేండ్లకు 100 డాలర్ల ఫీజు పెట్టిండ్రు. అప్పుడైనా, ఇప్పుడైనా ముందు అడిగినోళ్లదే పేరు. బిజినెస్ డాట్ కామ్ అనే పేరు 1997లో లక్షా 50 వేల డాలర్లకు, 1999లో 75 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. ఆ ఊపులోనే ఆఫ్టర్నిక్, సెడో లాంటి అంగళ్లు లేచినయి.

ఈ అంగళ్లతో లాభం లేదనలేం. అమ్మేటోళ్లు తండాల ఉన్నా, కొనేటోళ్లు జర్మనీల ఉన్నా బేరం కుదురుతది. పేరు బదిలీ అయ్యేదాకా పైసలు మధ్యవర్తి దగ్గర ఉంటయి కాబట్టి ముఖం తెలియని మనిషితో కూడా లావాదేవీ చేయొచ్చు. దానికి కమీషన్ పది, పదిహేను శాతం, కొన్నిచోట్ల అంతకెక్కువే.

కానీ ఇది పెబ్బేరు సంత కాదు. సంతల ఎద్దు అమ్ముడుపోకపోతే ఇంటికి తోలుకొచ్చి దున్నుకుంటం. పేరు అమ్ముడుపోకపోతే ఏటేటా రెన్యువల్ ఫీజు కట్టుకుంట కూర్చోవాలె. ఎక్కువ పేర్ల గతి ఇదే; పేపర్లల్ల వచ్చేది మాత్రం అమ్ముడుపోయిన ఒక్క పేరు గురించే. ‘మీ పేరుకు పెద్ద బేరం ఉంది, ముందు ఫీజు కట్టి విలువ సర్టిఫికెట్ తీసుకోండి’ అని మెయిల్ వస్తే అది మోసమే అనుకోండి.

కంపెనీల పేర్ల జోలికి అసలే పోవద్దు. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ పిల్ల కంపెనీ సత్యం ఇన్ఫోవే ‘సిఫీ’ పేరుతో నడిచేది. దాన్ని పోలిన ‘సిఫ్ఫీనెట్’ పేరును ఇంకో కంపెనీ పెట్టుకుంటే కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2004లో కోర్టు సత్యం వైపే తీర్పిచ్చింది. డొమైన్ పేరుకు కూడా ట్రేడ్‌మార్క్ లెక్కనే రక్షణ ఉంటదని చెప్పింది.

మరి మన పేర్ల సంగతేంది? చెంచు, లంబాడ, ఎరుకల, నల్లమల. వీటికి ఏ కంపెనీ లాయరూ లేడు. భూమికైతే 1970లో 1/70 వచ్చింది; అమ్రాబాద్ వైపు షెడ్యూల్డ్ గ్రామాల్లో మన భూమి గిరిజనేతరుల చేతికి పోవద్దని చట్టం చెప్తది. (వనపర్తి, గద్వాల తండాలకు అది కూడా వర్తించదు.) పేరుకు అసొంటి చట్టం ఎక్కడా లేదు. ఒక్కసారి అమ్మితే కొన్నోళ్లు దాని మీద ఏం రాసినా, ఏం అమ్మినా మనం చూసుకుంట ఉండాల్సిందే.

తువాలు అని పసిఫిక్ సముద్రంల చిన్న దేశం ఉంది, పదకొండు వేల జనం. దేశాల లెక్కల దానికి డాట్ టీవీ అనే కోడ్ వచ్చింది. టీవీ కంపెనీలకు అది బంగారమే. వాళ్లు దాన్ని తెగనమ్మలే, ఒప్పందం మీద నడుపుకోనిచ్చిండ్రు. ఆ పైసలతోనే 2000లో ఐక్యరాజ్యసమితి సభ్యత్వం ఖర్చులు కట్టుకున్నరు. 2021లో పాత కంపెనీ బదులు ఇంకో కంపెనీకి ఇచ్చిండ్రు. కోడ్ తమ చేతిలో ఉంది కాబట్టే అట్ల మార్చగలిగిండ్రు.

మా అభిప్రాయం ఇది. సొంతంగా కల్పించిన మామూలు పేర్లు రెండు మూడు కొని అమ్మి చూడండి, పోతే రెండు మూడు వేలు పోతయి. అప్పు చేసి మాత్రం వద్దు. జాతి పేర్లు, ఊర్ల పేర్లు అంగట్ల పెట్టకండి. వాటిని ఒక్కరి పేరు మీద కాకుండా సంఘం పేరు మీద తీసుకుందాం. ఏ మెయిల్ మీద ఉందో, రెన్యువల్ తేదీ ఎప్పుడో మినిట్స్ బుక్కుల రాసి పెట్టాలె. చదువు అయిపోయి పోయేటోళ్లు పాస్‌వర్డ్ తర్వాతి బ్యాచ్‌కు అప్పజెప్పి పోవాలె.