పసిబిడ్డ తొలి ఊపిరి - ఢిల్లీలో జరిగిన ఒక ఆడిట్

పుట్టిన బిడ్డ ఏడవకపోతే గ్రహణ దోషమనీ, పూర్వజన్మ కర్మ అనీ చెప్పేవాళ్ళు మనకు కొత్త కాదు. వాళ్ళని విమర్శించడం సులువు. కానీ "ఇది మంచిదని అందరికీ తెలుసు, మళ్ళీ పరీక్ష ఎందుకు?" అనే జబ్బు తెల్లకోటు వేసుకున్నవాళ్ళకీ పట్టుకుంటుంది. ఆక్సిజన్ చరిత్రే దానికి సాక్ష్యం.

నేను డాక్టర్ని కాను. బి.కాం. చదివి, డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరై ఢిల్లీ పక్కనే ఉంటున్నవాణ్ణి. ఖర్చు రాసినచోట ఫలితం కూడా చూపించమని అడగడం నా ఉద్యోగం నేర్పిన అలవాటు.

1940లలో అమెరికాలో నెలలు నిండని పిల్లలకు ఇంక్యుబేటర్లలో ధారాళంగా ఆక్సిజన్ ఇచ్చేవారు. ప్రాణవాయువు ఎక్కువైతే నష్టమేమిటని నమ్మకం. 1942లో బోస్టన్ కంటి డాక్టరు టెర్రీ అలాంటి పిల్లల్లో ఒక కొత్తరకం అంధత్వాన్ని గుర్తించాడు. 1953-54లో 18 ఆసుపత్రులు కలిసి పరీక్షిస్తే గానీ దోషం ఆక్సిజన్‌దేనని రుజువు కాలేదు. ఈలోగా సుమారు 10,000 మంది పిల్లలకు చూపు పోయింది. వాళ్ళలో ఎక్కువమంది పరికరాలు బాగా ఉన్న ఆసుపత్రుల్లో పుట్టినవాళ్ళే!

ఇంత జరిగినా, పుట్టగానే ఊపిరి తీసుకోని బిడ్డకు 100 శాతం ఆక్సిజనే ఇవ్వాలన్న నియమం మాత్రం చెక్కుచెదరలేదు. 1992 నాటి అమెరికా సూచనలదీ అదే మాట. మామూలు గాలిలో ఉండేది 21 శాతమే కదా, అది చాలదని అనుకున్నారు. మరి సిలిండర్ లేని ఆసుపత్రి సంగతి? చేత్తో నొక్కితే గదిలోని గాలినే ఊపిరితిత్తుల్లోకి పంపే ఆంబూ బ్యాగ్ 1956లోనే డెన్మార్క్‌లో తయారైంది.

ఈ ఖాతాని తెరిచి చూసింది మన ఢిల్లీలో. మౌలానా ఆజాద్ మెడికల్ కాలేజీకి చెందిన డా. సిద్ధార్థ్ రాంజీ, నార్వేకి చెందిన సౌగ్‌స్టాడ్ తదితరులు 84 మంది శిశువులపై అధ్యయనం చేసి 1993లో ప్రచురించారు. 42 మందికి గాలి, 42 మందికి ఆక్సిజన్. గాలి ఏ విధంగానూ తీసిపోలేదు.

తర్వాత 6 దేశాల్లో, 11 కేంద్రాల్లో, 609 మందితో పరీక్ష జరిగింది. సరి తేదీన పుడితే గాలి, బేసి తేదీన పుడితే ఆక్సిజన్. పుట్టిన తేదీకి ఇంతకంటే మంచి ఉపయోగం ఏ జ్యోతిష్కుడూ కనిపెట్టలేదు! 1998లో వచ్చిన ఫలితం: నెలలోపు మరణాలు గాలితో 13.9 శాతం, ఆక్సిజన్‌తో 19 శాతం. ఈ తేడా యాదృచ్ఛికం కావచ్చు, ఈ ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకూడదు. అయితే 2004లో 'లాన్సెట్' పత్రికలో 5 పరీక్షలను, అంటే 1,302 మంది శిశువుల లెక్కను, కలిపి చూశారు. గాలి వాడితే ప్రతి 20 మందికి ఒక మరణం తగ్గుతుందని తేలింది.

2010లో అంతర్జాతీయ సూచనలు మారాయి. నెలలు నిండిన బిడ్డకు ముందు గాలితోనే మొదలుపెట్టమన్నాయి. మన దేశంలో 2009లో మొదలైన నవజాత శిశు సురక్షా కార్యక్రమం నర్సులకు నేర్పే ముఖ్యమైన పని ఈ బ్యాగ్, మాస్కు వాడకమే.

దీన్నిబట్టి ఆక్సిజన్ వద్దని ఎవరూ అనుకోకూడదు. జబ్బుపడిన బిడ్డకు అది కావాలి, కొలిచి ఇవ్వాలి. బాగా ముందుగా పుట్టిన పిల్లల లెక్క వేరు. నేను చెప్పేదల్లా ఇంతే: వెంటిలేటర్లు, సీప్యాప్ యంత్రాల అమ్మకాలు ప్రపంచమంతటా సాగుతున్న ఈ కాలంలో, ధరని చూసి మేలు జరుగుతుందని నమ్మొద్దు. దేనితో పోల్చి చూశారో అడగండి. ఆ ప్రశ్న అడగడం ఆలస్యమైన ప్రతిసారీ నష్టపోయింది నోరులేని పసిపిల్లలే.