బండి బోల్తా లెక్క – స్టెబిలిటీ కంట్రోల్ ఎలా ఆలోచిస్తుంది?

వేసవి సెలవులు వస్తే రెండు మూడు కుటుంబాలు కలిసి ఒక పెద్ద వాన్ అద్దెకు తీసుకుని, పట్టని సామాను టాపు మీద కట్టి బయలుదేరడం అమెరికాలో మనవాళ్ళకు అలవాటే. టాపు మీద సామాను బండి స్వభావాన్ని ఎంత మారుస్తుందో చాలామందికి తెలియదు. ఈ దేశంలో 2010లో జరిగిన కార్లు, ఎస్.యు.వి.లు, పికప్‌లు, వాన్‌ల ప్రమాదాల్లో బోల్తా కొట్టినవి నూటికి రెండు మాత్రమే. కాని ఆ వాహనాల్లో పోయిన ప్రాణాల్లో దాదాపు మూడో వంతు ఈ బోల్తాల వల్లే పోయాయి. అందుకే ఇంజనీర్లు బోల్తాను ముందుగా పసిగట్టే గణిత నమూనాలు తయారుచేసుకున్నారు. వాటిని కొంచెం అర్థం చేసుకుందాం.

మొదటి లెక్క

బండి మలుపు తిరిగేటప్పుడు టైర్లు రోడ్డును పట్టుకుని దానిని మలుపు లోపలికి లాగుతాయి. ఈ బలం నేల మట్టంలో పనిచేస్తుంది. బండి గురుత్వ కేంద్రం మాత్రం నేలకు పైన ఉంటుంది. ఈ ఎత్తు తేడా వల్ల బండి బయటివైపుకు ఒరుగుతుంది. లోపలి చక్రాల మీద భారం తగ్గి బయటి చక్రాల మీద పెరుగుతుంది. లోపలి చక్రాల భారం సున్నా అయిన క్షణమే బోల్తాకు ఆరంభం.

ఎడమ, కుడి చక్రాల మధ్య దూరంలో సగాన్ని గురుత్వ కేంద్రం ఎత్తుతో భాగిస్తే వచ్చే అంకె పేరు స్టాటిక్ స్టెబిలిటీ ఫాక్టర్. అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్.హెచ్.టి.ఎస్.ఏ. 2001 మోడళ్ళ నుంచి దీని ఆధారంగా బోల్తా రేటింగులు ఇవ్వసాగింది. ఇది మామూలు కార్లకు 1.30 నుంచి 1.50 వరకు, ఎస్.యు.వి.లు, వాన్‌లు, పికప్‌లకు 1.00 నుంచి 1.30 వరకు ఉంటుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 2,000 కిలోల ఎస్.యు.వి.; చక్రాల మధ్య దూరం 150 సెంటీమీటర్లు, గురుత్వ కేంద్రం ఎత్తు 70. అంటే 75ని 70తో భాగించాలి: 1.07. భూమ్యాకర్షణకు 1.07 రెట్లు పక్కబలం వస్తేనే బండి లేస్తుందన్నమాట. పొడి రోడ్డు మీద మామూలు టైరు పట్టు 0.9 ప్రాంతంలో ఉంటుంది కనుక బండి ముందు జారాలే గాని బోల్తా కొట్టకూడదు. మరి ఎందుకు కొడుతోంది?

స్ప్రింగులు, సామాను చేర్చిన లెక్క

టాపు మీద, నేలకు 180 సెంటీమీటర్ల ఎత్తున, 100 కిలోల సామాను కట్టామనుకోండి. గురుత్వ కేంద్రం 75 సెంటీమీటర్లకు లేస్తుంది, 1.07 కాస్తా 1.00 అవుతుంది. పైగా బండి దేహం స్ప్రింగుల మీద కూర్చుని ఉంది. ఒక పక్కకు తిప్పిన స్టీరింగును వెంటనే రెండో పక్కకు తిప్పితే, దేహం ఊయలలా ఊగి 9 డిగ్రీలు ఒరిగిందనుకోండి. గురుత్వ కేంద్రం సుమారు 6 సెంటీమీటర్లు బయటికి జరుగుతుంది. అప్పుడు మిగిలేది 69ని 75తో భాగిస్తే వచ్చే 0.92. టైరు పట్టుకూ దీనికీ మధ్య ఇక తేడా లేదు.

అందుకే అసలు నమూనాలో బండి పక్కకు జరగడం, తన చుట్టూ తాను తిరగడం, ఒరగడం అనే మూడు కదలికలనూ కలిపి లెక్కిస్తారు. ఒరిగిన కోణాన్ని బట్టి స్ప్రింగు, ఒరిగే వేగాన్ని బట్టి షాక్ అబ్సార్బరు వెనక్కి లాగుతాయి. ఊయలను సరిగ్గా కొసన ఉన్నప్పుడు తోస్తే ఎక్కువ ఊగుతుంది కదా! ఎన్.హెచ్.టి.ఎస్.ఏ. 2004 మోడళ్ళ నుంచి చేర్చిన 'ఫిష్‌హుక్' పరీక్ష చేసేది అదే: బండి పూర్తిగా ఒరిగిన క్షణాన స్టీరింగును వెనక్కి తిప్పుతుంది.

కంప్యూటరు ఏం చేస్తుంది?

ఎడమ, కుడి చక్రాల భారాల తేడాను మొత్తం భారంతో భాగిస్తే సున్నా నుంచి ఒకటి దాకా ఒక సూచిక వస్తుంది. ఒకటి అంటే ఒక పక్క చక్రాలు గాలిలో ఉన్నట్టు. ఆ భారాన్ని నేరుగా కొలిచే పరికరం బండిలో ఉండదు. స్టీరింగు కోణం, చక్రాల వేగం, బండి తిరిగే వేగం, పక్కబలం కొలిచి, నమూనా ద్వారా అంచనా కడతారు. 2002లో వచ్చిన వోల్వో ఎక్స్‌సి90లో ఒరిగే వేగాన్ని కొలిచే గైరోస్కోపును కూడా అమర్చారు.

సూచిక హద్దుకు చేరుతుంటే కంప్యూటరు ఇంజను శక్తిని తగ్గించి, ముందున్న బయటి చక్రానికి గట్టిగా బ్రేకు వేస్తుంది. టైరు పట్టు ఎంతో కొంతే. అది బ్రేకుకు ఖర్చయితే పక్కకు లాగడానికి తక్కువ మిగులుతుంది. పక్కబలం తగ్గగానే లోపలి చక్రాలు నేలకు ఆనుతాయి.

చిక్కు ఇక్కడే ఉంది. పక్కబలం తగ్గితే బండి మలుపులో వెడల్పుగా పోతుంది, రోడ్డు దాటవచ్చు. అమెరికాలో ఒంటరిగా బోల్తా కొట్టే వాహనాల్లో నూటికి 95 దాకా మెత్తని మట్టిలోనో, గట్టు అంచుకో చక్రం తట్టుకుని పడినవే. బ్రేకు ఎప్పుడు, ఎంత వేయాలన్నదే డిజైనరుకు అసలు పరీక్ష. పైగా టాపు మీద మనం కట్టిన బరువును నేరుగా చూసే సాధనం కంప్యూటరుకు లేదు.

మనం చేయవలసినవి

1997లో స్వీడన్‌లో ఒక పత్రిక పరీక్షలో మెర్సిడెస్ ఏ-క్లాస్ బోల్తా కొట్టాక, ఆ కంపెనీ దానిలో స్టెబిలిటీ కంట్రోల్‌ను తప్పనిసరి చేసింది. అమెరికా 2007లో నిబంధన తెచ్చి, 2012 మోడళ్ళ నుంచి 10,000 పౌండ్ల లోపు తరగతి కొత్త వాహనాలన్నిటిలో ఇది ఉండాలంది. అంతకంటే పాత బండి కొనేముందు ఇది ఉందో లేదో అడగండి.

15 మంది పట్టే వాన్‌లో 10 మంది, అంతకు మించి ఎక్కితే, అయిదుగురి లోపు ఉన్నప్పటికంటే బోల్తా అవకాశం దాదాపు మూడు రెట్లని ఎన్.హెచ్.టి.ఎస్.ఏ. 2001లోనే హెచ్చరించింది. కాబట్టి బరువైన పెట్టెలు టాపు మీద కాక లోపల, కింద పెట్టండి. టైర్లలో గాలి చూసుకోండి. వెనక సీటువాళ్ళతో సహా అందరూ బెల్టు పెట్టుకోవాలి. చక్రం రోడ్డు అంచు దిగితే స్టీరింగు గబుక్కున తిప్పకండి; వేగం తగ్గించుకుని మెల్లగా పైకి ఎక్కించండి. నమూనా ఎంత బాగున్నా ఆ 1.07ను 1.00 చేసేది, చేయకుండా ఆపేది మన చేతులే.