డోర్నకల్ ఒప్పందం

మహబూబాబాద్ జిల్లా డోర్నకల్‌లో గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలిసిన చర్చి ఒకటుంది. కట్టించింది బిషప్ అజరయ్య. వేరుపడ్డ క్రైస్తవ శాఖల్ని కలపాలని జీవితాంతం తపించి, 1945లో పోయారు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. అప్పుడిచ్చిన ఒక మాట: బిషప్ అభిషేకించని పాస్టర్ని మనస్సాక్షి ఒప్పుకోని సంఘం మీద రుద్దకూడదు.

ఆ సంఘం కూడా ఉన్న ఆంగ్లికన్ కూటమికి తర్వాత ఇంకో తగువు వచ్చింది. స్వలింగ సంపర్కం వాక్యానికి విరుద్ధమని 1998 లాంబెత్ సభ తీర్మానించింది. 2022లో ఆర్చిబిషప్ వెల్బీ ఆ తీర్మానం ఉందన్నారు, ఒప్పుకోని చర్చిల్ని వెలివేయనన్నారు. నైజీరియా బిషప్పులు రాలేదు. అయినా అప్పటికి కూటమి మిగిలింది.

అప్పుడు ఓర్చుకున్నది పాస్టర్ల హోదా గురించి. ఇప్పుడు ఓర్చుకోవాల్సింది మాత్రం చివరి బెంచీలో తన ప్రేమ గురించి నోరు విప్పలేని మనిషి. ఆ మనిషినీ ఎవరైనా అడగాలి కదా?